సప్పుడు ఒక్కటే అబద్ధం

రోలా, షార్జా
1-11-2013

బావా, మా నరేశ్ హెలికాప్టర్ ఎక్కాడు!

ముందు ఆ మాట చదువుకో. తరువాత నీళ్ళు తాగు. తరువాత మిగతాది చదువు. గంగనర్సయ్య బావకు శరణు అని మొదట రాయాలని నాకూ తెలుసు, ఏడో తరగతిలో సారు నేర్పాడు. చెయ్యి ఆగలేదు.

మూడు నెలల కింద వాడు లాండ్రీ వ్యాన్ నడపడం మానేసి దుబాయ్‌లో హిందీ రేడియో కంపెనీలో చేరాడని రాశాను కదా. ఏం పని బిడ్డా అంటే "ట్రాఫిక్ జెప్పుడు నాయనా" అన్నాడు. చౌరస్తాలో నిలబడి చెయ్యి ఊపే పనేమో అనుకుని నేను ఎవరికీ చెప్పుకోలేదు. నిన్న గురువారం సాయంత్రం మా దుకాణం ముందు ఎవరో కారు ఆపి లోపల రేడియో పెట్టుకుని ఉన్నారు. అందులో గరగరగరగర అని రెక్కల చప్పుడు. ఆ చప్పుడు మీద మావాడి గొంతు! "ఆస్మాన్ సే నరేశ్ బోల్ రహా హూఁ, అల్ నహ్దా దగ్గర బండ్లు చీమల బారు లెక్క ఉన్నై, ఇత్తిహాద్ రోడ్డు పక్కకు పోకండి" అని హిందీలో దంచుతున్నాడు. ఇస్త్రీ పెట్టె అరబ్బీల పొడుగు తెల్ల అంగీ, కందూరా మీద అట్లాగే వదిలేసి బయటికి ఉరికి ఆకాశం దిక్కు చూశాను. కందూరా కాలింది. కాలనీ. దుకాణం మలయాళీ సేటు తిట్టాడు. తిట్టనీ. వాడి కొడుకు ఏం ఎక్కాడు? నిచ్చెన కూడా ఎక్కలేదు.

అల్ నహ్దాలో ఉండే రామ్మోహనరావు గారి గురించి నీకు చెప్పాను. లెక్కల ఆఫీసరు, తెల్ల చొక్కాలు అన్నీ నా దగ్గరే ఇస్త్రీ. మొన్న ఏమన్నాడో తెలుసా? "మీవాడు రేడియోలోనా పర్శరాములూ? అక్కడ టీలు అందిస్తాడా?" అన్నాడు. ఇవాళ ఆయన చొక్కా కాలరు మీద ఒక మడత ఎక్కువ వేసి పంపాను. ఆకాశంలో తిరిగేవాడి తండ్రి ఇస్త్రీ అట్లాగే ఉంటుంది.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కింద మాలతిని మావాడికి ఇయ్యమని అడిగితే "కాలు ఒక్కచోట నిలవని పోరనికి నా బిడ్డనియ్య" అన్నావు. ఫోన్‌లో మనం తిట్టుకున్న తిట్లకు నా చెల్లె గౌరవ్వ అక్కడ ఊళ్ళో మూడు రోజులు అన్నం మానేసి, ఇక మీరిద్దరూ ఫోన్ ముట్టొద్దు, ఉత్తరాలే రాసుకోండి అని ఒట్టు పెట్టింది. ఆ ఒట్టు మీదే రాస్తున్నాను. ఇప్పుడు చెప్పు బావా. ఇస్తావా, ఇయ్యవా?

ఇట్లు,
హెలికాప్టర్ నరేశ్ తండ్రి
పర్శరాములు


రాళ్ళ క్రషర్, రాస్ అల్ ఖైమా
8-11-2013

బామ్మర్ది పర్శరాములుకు,

నీ కవరు మా డ్రైవరు లాల్ అహ్మద్ టిప్పర్‌లో కంకర దుమ్ముతో సహా వచ్చింది. నువ్వు చెప్పినట్టే నీళ్ళు తాగి చదివాను. చదివాక మళ్ళీ తాగవలసి వచ్చింది, నవ్వి నవ్వి పొలమారి.

ఏ నరేశ్? జాతరలో రంగుల రాట్నం ఎక్కి, రెండో చుట్టుకే గౌరవ్వ కొత్త చీర మీద కక్కిన నరేశేనా? మా ఇంటి దాబా మీద పతంగి చిక్కుకుంటే, నిచ్చెన సగం ఎక్కి "మామా, నన్ను దింపుండ్రి" అని ఏడ్చినవాడేనా? వాడికి హెలికాప్టర్ ఇచ్చిన కంపెనీకి ఒక దండం.

అయినా నీ మాట మీద గౌరవంతో సోమవారం టిప్పర్‌లో కూర్చుని రేడియో విన్నాను. గొంతు వాడిదే, కాదనను. రెక్కల చప్పుడు మాత్రం మా క్రషర్ జనరేటర్ చప్పుడు లాగే ఉంది. లాల్ అహ్మద్ చెవి పెట్టి విని "యే హెలికాప్టర్ హై తో మేరా టిప్పర్ జహాజ్ హై" అన్నాడు, ఇది హెలికాప్టర్ అయితే వాడి టిప్పర్ విమానమట. పఠాన్ మనిషి, అబద్ధం ఆడడు.

పిల్ల సంగతి అడిగావు. మీవాడు నిజంగా గాలిలో తిరుగుతుంటే ఒక్కసారి మా క్రషర్ మీదుగా రమ్మను. దుబాయ్ నుంచి ఇది ఎంత దూరం? వాడికి సిగ్నళ్ళు కూడా లేవాయె. వాణ్ణి కళ్ళతో చూశాక మాట్లాడతాను. అప్పటిదాకా కందూరాలు కాల్చకు, సేటు జీతం కోస్తాడు.

నడుం నొప్పి అట్లాగే ఉంది. నువ్వు పంపిన తైలం పఠాన్ తలకు రాసుకున్నాడు.

నేల మీద నిలబడ్డ
గంగనర్సయ్య


రోలా
14-11-2013

బావా,

వస్తాడు. ఈ శుక్రవారం కాదు, వచ్చే శుక్రవారం. రాసిపెట్టుకో.

నిన్న ఫోన్ చేసి "మీ మామ రమ్మంటున్నడు రా, క్రషర్ మీదికెల్లి ఒక్క చుట్టు కొట్టు" అని చెప్పాను. "సరే సరే నాయనా, సూద్దాం, ఇప్పుడు లైన్‌ల ఉన్న" అన్నాడు. పెద్ద కొలువు చేసేవాళ్ళు అట్లాగే పొడిగా మాట్లాడతారు. సరే అన్నాడా లేదా? శుక్రవారం రోడ్ల మీద బండ్లు తక్కువ, వాడికి తీరికే. కంపెనీ హెలికాప్టర్ ఊరికే నిలబడి తుప్పు పట్టే బదులు తీసుకుని వస్తాడు.

మీ దగ్గర నలబై మంది ఉంటారు కదా. అందరినీ బయట నిలబెట్టు. పైనుంచి వాడికి క్రషర్లన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి కనుక, గౌరవ్వ పంపిన ఎర్ర దుప్పటి ఉంది చూడు, అది పట్టుకుని ఊపండి. మీ పఠాన్‌ను ముందు వరసలో నిలబెట్టు. వాడి టిప్పర్ జహాజు ఎగురుతుందేమో పోల్చి చూసుకుంటాడు.

రంగుల రాట్నం మాట ఇక ఎత్తకు. అప్పుడు వాడు తొమ్మిదేళ్ళ పిల్లవాడు, బెల్లం జిలేబీ తిని ఉన్నాడు.

పర్శరాములు

వెనక రాసేది: రామ్మోహనరావు గారికి చెప్పాను. "హెలికాప్టరా? ఈ దేశంలో మన జీతాలకు గాలిపటం కూడా ఇవ్వరు" అని నవ్వాడు. నవ్వనీ. ఆయన కొడుకు అనీష్ డ్రైవింగ్ పరీక్ష నాలుగోసారి తప్పాడు. నేల మీద నడపలేని వాళ్ళు ఆకాశం గురించి మాట్లాడుతున్నారు!


రాళ్ళ క్రషర్
23-11-2013

బామ్మర్ది,

వచ్చాడు.

ఏమని రాయను. నిన్న మధ్యాహ్నం తినే కంచాలతో సహా అందరినీ ఎండలో నిలబెట్టాను. దుప్పటి రెండు కొసలు ఇద్దరం పట్టుకున్నాం. గంట దాటింది. పోరగాళ్ళు మొదలుపెట్టారు. "గంగన్నా, మీ అల్లుడు పెట్రోలు వోయించుకుంటున్నడా?" అని ఒకడు. "లేదు రా, టైరు పంచరైంది" అని ఒకడు. నాకు తల కొట్టేసినట్టయింది. నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో రాస్తే లాల్ అహ్మద్ టిప్పర్ పట్టదు.

అప్పుడు కొండ వెనక నుంచి వచ్చింది, నిజమైన చప్పుడు. కడుపులో పేగులు కదిలే చప్పుడు. మేము దుప్పటి ఊపాం. అది తిరిగింది! మా మీదికే వచ్చి, కిందికి దిగి, రెండు చుట్లు కొట్టింది. దుమ్ము లేచి అన్నం కంచాలు ఎగిరిపోయాయి. తలుపు దగ్గర నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఒకడు వంగి చూశాడు. ముక్కు మీ ముక్కే. నేను చెయ్యి ఎత్తితే వాడూ చెయ్యి ఎత్తాడు. పఠాన్ "మాషా అల్లా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నలబై మందీ నా భుజం తట్టారు.

సాయంత్రం పోలీసు జీపు వచ్చింది, ఇక్కడ ఎవరికి దెబ్బ తగిలింది, ఎర్ర గుడ్డ ఎందుకు ఊపారు అని. మీవాడే పైనుంచి చూసి, మాకేదో ఆపద అనుకుని పోలీసులకు చెప్పి ఉంటాడు, తెలివి తక్కువోడు. మేనేజరు, అదే మా ముదీర్, వచ్చి నన్ను నాలుగు మాటలన్నాడు. ఖలాస్, అది అయిపోయింది.

ఇక పిల్ల సంగతి. ఇన్నాళ్ళూ నమ్మలేదు కాబట్టి నవ్వాను. ఇప్పుడు కళ్ళారా చూశాను. చూశాక చెప్తున్నాను, ఇయ్యను.

ఎందుకని అడగకు. నువ్వు ఇస్త్రీ బల్ల ముందు నిలబడి బతికిన మనిషివి. చెప్పినా నీ తలకెక్కదు.

గంగనర్సయ్య


రోలా
29-11-2013

గంగనర్సయ్యకు,

బావా అని రాయడం లేదు, చూసుకో.

నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు ఎందుకో. కుళ్ళు. నలబై మంది ముందు మావాడు నిన్ను చెయ్యెత్తి పలకరించాడు. నువ్వు ఇరవై ఏళ్ళు రాయి కొట్టి ఒక్క ఫోర్‌మన్ కాలేకపోయావు. ఇంటికి అల్లుడు ఆకాశం నుంచి దిగితే, మామ తల ఎత్తి చూడాల్సి వస్తుందని భయం నీకు. నేల మీద ఉన్నప్పుడు నిలకడ లేదన్నావు. పైకి పోయాక కళ్ళారా చూశాను కాబట్టి ఇయ్యనంటావు. మధ్యలో ఎక్కడ వేలాడదీయమంటావు వాణ్ణి, కరెంటు తీగ మీదనా?

ఇస్త్రీ బల్ల అన్నావు. ఆ బల్ల ముందు నిలబడే వాడికి ఇంటరు దాకా చదువు చెప్పించాను. నా కాళ్ళ నరాలు ఉబ్బి తాళ్ళ లెక్క అయ్యాయి. దాన్ని ఎక్కిరిస్తావా?

మాలతిని మీ క్రషర్ ఇంజనుకే ఇచ్చి చెయ్యి. అది ఒక్కచోటే నిలబడి ఉంటుంది.

పర్శరాములు


రోలా
27-12-2013

బావా,

నీ నుంచి జవాబు లేదు. నేనైనా ఇయ్యను అలాంటి ఉత్తరానికి. అయినా ఇది రాయకపోతే నాకు అన్నం లోపలికి పోయేట్టు లేదు.

నిన్న సేటును బతిమిలాడి సగం రోజు సెలవు తీసుకుని నరేశ్ రేడియోకు పోయాను. వాడికి చెప్పలేదు. కొలువులో వాణ్ణి ఒక్కసారి చూడాలని, హెలికాప్టర్ ముందు నిలబెట్టి ఫోటో తీయించి రామ్మోహనరావు గారి చొక్కా జేబులో పెట్టి పంపాలని. పైన చలి ఉంటుందని మంకీ టోపీ కొన్నాను. కక్కు వస్తే చప్పరించడానికి నిమ్మకాయ తొక్కు సీసా కూడా పట్టుకుపోయాను. చూశావా, రంగుల రాట్నం నేనూ మరచిపోలేదు.

అది నాలుగో అంతస్తు. నాలుగో అంతస్తులో హెలికాప్టర్ ఎట్లా ఉంటుంది, మేడ మీద ఉంటుంది అనుకుని మెట్లెక్కి పైదాకా పోయాను. నీళ్ళ ట్యాంకులు, ఏసీ డబ్బాలు, పావురాల రెట్ట. ఇంకేం లేదు. వాచ్‌మన్ నేపాలీ వెంటబడి వచ్చి పట్టుకున్నాడు. "హెలికాప్టర్ కహాఁ హై భాయ్?" అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

కిందికి తీసుకొచ్చి అద్దం గది ముందు నిలబెట్టారు. లోపల మావాడు. చక్రాల ఆఫీసు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా గోడ నిండా చిన్న చిన్న టీవీలు, వాటిలో రోడ్లు. చెవులకు డిప్పలు. ఎర్ర లైటు వెలగగానే ఒక మీట నొక్కాడు. గరగరగరగర. ఆ గరగర మీద, గాలిలో ఊగుతున్న వాడిలా భుజాలు కదిలిస్తూ, గొంతు పెంచి మాట్లాడాడు. బావా, నేను చూస్తూ ఉండగానే పక్కన చాయ్ గ్లాసు పెట్టుకుని మాట్లాడాడు.

బయటికి వచ్చి నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఏది రా హెలికాప్టర్?"

"గది రికార్డు సప్పుడు నాయనా. ఇనేటోళ్ళకు మజా రావాలె గద."

"మరి నాకెందుకు జెప్పలే?"

"నేనెప్పుడన్న ఎక్కిన్నని నీకు జెప్పిన్నా? రేడియో ఇని నువ్వే ఎక్కిచ్చినవు. నువ్వు గంత సంబురపడుతుంటే ఎట్ల దించాలె?"

"గా శుక్రవారం మీ మామ కాడికి పోయింది ఎవరు మరి?"

"నేను రూంల బట్టలు ఉతుక్కుంటున్న. పోలీసులది గావచ్చు. శుక్రవారం కొండలల్ల తప్పిపోయినోళ్ళ కోసం తిరుగుతది."

నాకు ఒళ్ళు మండింది. లంగ పనిరా ఇది, దొంగ కంపెనీరా ఇది అన్నాను. అప్పుడు వాడన్న మాట రాస్తున్నాను. "రోడ్డు జామైందంటే జామైనట్టే నాయనా. ఆక్సిడెంటంటే ఆక్సిడెంటే. వేలమంది నా మాట మీద ఇండ్లకు వోతరు. అండ్ల ఒక్క అబద్ధం లేదు. సప్పుడు ఒక్కటే అబద్ధం."

టోపీ, తొక్కు సీసా అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాను. బస్సులో షార్జా దాకా రెండు గంటలు పట్టింది, ఇత్తిహాద్ రోడ్డు మీద. డ్రైవరు రేడియోలో వాడే చెప్తున్నాడు, ఈ రోడ్డుకు రాకండి అని.

పిల్లను ఎట్లాగూ ఇయ్యనన్నావు కనుక ఇక దాచి లాభం లేదు. నా మాట మీద నలబై మందితో ఎండలో దుప్పటి ఊపావు. ముదీర్‌తో మాటలు పడ్డావు. ఆ తప్పు నాదే. నువ్వు నమ్మినవాడు ఎవడో పోలీసు. ముక్కు మాది కాదు.

నవ్వుకో. ఈసారి నీళ్ళు దగ్గర పెట్టుకో.

పర్శరాములు


రాళ్ళ క్రషర్
3-1-2014

ఒరే పిచ్చి బామ్మర్ది,

నీ అంత తెలివి తక్కువవాడు అరవై రెండేళ్ళు ఎట్లా బతికాడో నాకు అర్థం కాదు. టోపీ కొన్నావా? మంకీ టోపీయా? ఆ మాట దగ్గర లాల్ అహ్మద్ నా చేతిలోంచి కాగితం లాక్కుని, చదవరాకపోయినా దాని దిక్కు చూసి నవ్వాడు.

నవ్వడం అయింది. ఇక విను. నీ ఉత్తరానికి జవాబు ఎందుకు రాయలేదో, పిల్లను ఎందుకు ఇయ్యనన్నానో.

నిరుడు మా దగ్గర రాళ్ళు ఎక్కే బెల్టు మీది నుంచి ఒక పిల్లవాడు పడ్డాడు. కోరుట్ల దిక్కువాడు. ఎత్తు ఎంతో లేదు, రెండు అంతస్తులు. వాణ్ణి చేతులతో ఎత్తింది నేనే. పెట్టె వెంట ఎయిర్‌పోర్టు దాకా పోయింది నేనే. వాడి పెళ్ళానికి ఫోన్ చేసి చెప్పింది కూడా నేనే. ఎత్తు మీద పని చేసేవాడికి నా బిడ్డను ఇయ్యనని ఆ రోజే అనుకున్నాను. నీతో నవ్వుతూ ఉన్నాను కానీ, ఆ శుక్రవారం మీవాడు తలుపులో వంగి చూస్తుంటే, వంగకు రా, వంగకు రా అని తెలుగులో అరిచాను. అక్కడివాళ్ళు సంబరంతో అరుస్తున్నాననుకున్నారు.

ఇంటికి చెప్తే మాలతి ఫోన్‌లో ఒక్కటే ఏడుపు. "బాపూ, బావ మీదికెల్లి పడితే ఎట్ల?" దానికి వాడంటే ఇష్టమని గౌరవ్వ అప్పుడు చెప్పింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నువ్వేమో కుళ్ళు అని రాశావు. నీ నోట్లో కంకర పొయ్య!

ఇప్పుడు రాస్తున్నావు, కుర్చీలో కూర్చున్నాడని. సిగ్గుతో రాస్తున్నావు! చక్రాల కుర్చీ, ఏసీ గది, పక్కన చాయ్ గ్లాసు. ఒరే, మీ వంశంలో, మా వంశంలో కూర్చుని జీతం తీసుకున్న మనిషి ఒక్కడున్నాడా? నువ్వు బల్ల ముందు నిలబడ్డావు, నేను బండ మీద నిలబడ్డాను, మీ అయ్య నాట్లలో వంగాడు, మా అయ్య గడ్డపారతో తవ్వాడు. మొదటిసారి మన ఇండ్లలో ఒక పోరడు కూర్చున్నాడు. దానికి నువ్వు ఒళ్ళు మండించుకుని టోపీ పారేసి వచ్చావు. హెలికాప్టర్ అట, హెలికాప్టర్! అది ఎవడైనా ఎక్కుతాడు. కుర్చీ ఎక్కమను చూద్దాం రామ్మోహనరావు కొడుకును.

కాలు నిలవని వాడికి ఇయ్యనన్నాను. నిలవడం కాదు, కూర్చునే ఉన్నాడు. ఇస్తున్నాను. పెట్టుపోతల మాట ఎత్తావంటే మళ్ళీ ఫోన్ చేసి తిడతాను, ఒట్టు పోతే పోయింది.

ఒక్క షరతు. కంపెనీ ఎప్పుడైనా నిజం హెలికాప్టర్ తెస్తే, ఎక్కనని వాడు గౌరవ్వ మీద ఒట్టు పెట్టాలి.

మీ బావ
గంగనర్సయ్య


రోలా
7-1-2014

బావా! బావా! బావా!

మూడుసార్లు రాశాను, ఆ కోపపు ఉత్తరంలో రాయనందుకు కలిపి. కంకర పొయ్యమన్న నోటితోనే సేటుకు మిఠాయి తినిపించాను. ఏమిటి అని అడిగితే కుర్చీ అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాడి ముఖానికి అర్థం కావడం కూడా ఎందుకు?

నరేశ్‌కు ఫోన్‌లో చదివి వినిపించాను. అంతా విన్నాడు. తరువాత "నాయనా, గా టోపీ నేనే పెట్టుకుంటున్న, ఏసీ బాగ సల్లగున్నది" అన్నాడు. షరతు చెప్తే పడిపడి నవ్వాడు. "మామకు జెప్పు, మెట్లు గూడ ఎక్క, లిఫ్టుల్నే వోత" అన్నాడు. ఒట్టు పెట్టాడు.

నీ మీద రాసిన మాటలన్నీ నేనే మింగాను. ఒక్కటి తప్ప. ముక్కు గుర్తుపట్టడం నీకు చేతకాదు.

ఇక ఎవరెవరికి చెప్పాలో రాస్తున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎవరికి ఏది చెప్పాలో తప్పకు.

మా చెల్లె గౌరవ్వకు అందరికంటే ముందు, ఉన్నది ఉన్నట్టు. ఒట్టు ఫలించిందని చెప్పు.

మెట్‌పల్లి పెద్దక్కకు కుర్చీ అని చెప్పు. మోకాళ్ళ నొప్పుల మనిషి, దాని విలువ ఆమెకు తెలుసు.

బాల్కొండ చిన్నాయనకు హెలికాప్టర్ అనే చెప్పు. మా పెళ్ళిలో పప్పులో ఉప్పు లేదని ముప్పై ఏళ్ళు చెప్పుకు తిరిగాడు, కడుపు మండనీ.

కోరుట్ల మేనమామకు ఏదీ చెప్పకు, కార్డు పంపు. చెవుడు, చప్పుడు ఉన్నా లేకున్నా ఒకటే.

నిజామాబాద్ బుచ్చవ్వ వదినకు, ఆమె కోడలికి ఇద్దరికీ వేరువేరుగా చెప్పు. ఒకరికి ముందు చెప్పావని ఇంకొకరు పెళ్ళికి రారు.

రామ్మోహనరావు గారు చుట్టం కాదు. ఆయనకు నేనే చెప్తాను, కాలరు వేడి మీద ఉండగా.

మాలతికి నువ్వు చెప్పకు. నరేశ్ ఈ శుక్రవారం తనే ఫోన్ చేస్తానన్నాడు. వెనక సప్పుడు పెట్టకుండా మాట్లాడమన్నాను.

పర్శరాములు